మీ స్టెప్నీ ఎత్తెంత?

పికప్ ట్రక్కుకి పెద్ద టైర్లు వేయించుకుని మురిసిపోతున్నవాళ్లు ఎవరైనా కనిపిస్తే "మరి స్టెప్నీ ఏం చేశారు?" అని అడగడం నాకలవాటు. వచ్చే జవాబులు దాదాపు ఎప్పుడూ రెండే. "కంపెనీ ఇచ్చింది కిందే ఉందిగా, స్టెప్నీకి అది చాలదా?" అని కొందరు. "ఐదోది కూడా అదే సైజు కొని పడేశా, ఇక దిగుల్లేదు" అని ఇంకొందరు. మొదటివాళ్లది బద్ధకమనీ, రెండోవాళ్లది ముందుచూపనీ వినేవాళ్లు అనుకుంటారు. నాకు మాత్రం ఇద్దరూ ఒకే చోట పొరబడుతున్నారనిపిస్తుంది. సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క గోడ మీద అచ్చేసిన అంకెలు చూసి తీర్పు చెప్పేస్తున్నారు. బండికి ఆ అంకెలతో పని లేదు. ఒక చుట్టుకి ఈ చక్రం ఎంత దూరం దొర్లింది, అదే ఇరుసు మీదున్న అవతలి చక్రం ఎంత దూరం దొర్లింది, దానికి తెలిసింది అంతే.

లెక్క ఒకసారి వేసి చూద్దాం. ఈ విషయంలో గంటల తరబడి సాగే వాదనలు చాలావరకు లెక్క వేయకపోవడం వల్ల సాగేవే. బండితో వచ్చిన టైరు 265/70ఆర్17 అనుకోండి. వెడల్పు 265 మి.మీ., అందులో 70 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే 185.5 మి.మీ. రిమ్ము 17 అంగుళాలు, అంటే 431.8 మి.మీ. సైడ్‌వాల్ రిమ్ముకి పైనా కిందా రెండు వైపులా ఉంటుంది కాబట్టి రెండుసార్లు కలిపితే మొత్తం ఎత్తు 802.8 మి.మీ. దాని బదులు చాలామంది ఎక్కించే 285/70ఆర్17కి ఇదే లెక్క వేస్తే 830.8 వస్తుంది. తేడా 28 మి.మీ., అంటే అంగుళం పైచిలుకు. శాతంలో మూడున్నర. చుట్టుకొలతలోకి మారిస్తే ప్రతి చుట్టుకీ సుమారు 88 మి.మీ. కిలోమీటరు పోయేసరికి చిన్న చక్రం పెద్దదానికంటే 13 చుట్లు ఎక్కువ తిరగాలి.

ఆ 13 చుట్లు ఎక్కడికి పోతాయి? డిఫరెన్షియల్‌లోకి, అంటే ఇరుసు మధ్యలో ఉండే గేర్ల పెట్టెలోకి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి కాబట్టి ఆ తేడాని సర్దడానికే అది ఉంది. తిన్నటి రోడ్డు మీద అందులోని చిన్న గేర్లకి పని ఉండదు, మొత్తం ఒక్క ముద్దగా తిరుగుతుంది. ఇప్పుడు వెనక ఇరుసుకి ఒక వైపు కొత్త 285, ఇంకో వైపు పాత 265 ఉన్నాయనుకోండి. రెండు చక్రాల మధ్య దూరం 1.6 మీటర్లయితే, ఈ మూడున్నర శాతం తేడా 47 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపుతో సమానం. మీరు తిన్నగా పోతున్నామనుకుంటారు. డిఫరెన్షియల్ మాత్రం ఆ వలయంలో ఆగకుండా గుండ్రంగా తిరుగుతున్నామనుకుంటుంది, బండి ఆపేదాకా.

ఇది విని కొందరు వెంటనే డిఫరెన్షియల్ పగిలిపోతుందని భయపెడతారు. అంత సీనేం లేదు. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ అయితే, గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఒక్కో వైపు గేరు హౌసింగ్ కంటే నిమిషానికి ఏడు చుట్లు కూడా ఎక్కువ తక్కువ తిరగదు. నూనె సరిగ్గా ఉంటే, నెమ్మదిగా పోతే, పాతిక ముప్పై కిలోమీటర్లు దానికొక లెక్కలోది కాదు. కానీ చాలా ట్రక్కుల్లో వెనక ఇరుసుకి లిమిటెడ్ స్లిప్, అంటే ఒక చక్రం ఒక్కటే ఊరికే తిరిగిపోకుండా అడ్డుకునే డిఫరెన్షియల్ ఉంటుంది. అందులో క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అదుముకుని ఉంటాయి. తేడా అన్న ప్రతిసారీ అవి ఒరుసుకుంటాయి, వేడెక్కుతాయి. మలుపుల్లో కొన్ని సెకన్లు జరగాల్సిన ఒరిపిడి గంటల తరబడి జరిగితే ఆ ప్లేట్ల ఆయువు తరిగిపోతుంది. ఇక రెండు చక్రాల్నీ కలిపి బిగించేసే లాకర్ వేస్తే తేడాని సర్దేవాళ్లే ఉండరు, ఏదో ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాల్సిందే.

ఫోర్ వీల్ డ్రైవ్ సంగతి ఇంకా తిరకాసు. అవసరమైనప్పుడు మాత్రమే వేసే పార్ట్ టైమ్ వ్యవస్థలో, లివర్ వేయగానే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ గట్టిగా కలిసిపోతాయి. ఒక్క చక్రం తేడా ఉన్నా ఆ ఇరుసు సగటు వేగం మారుతుంది. మన ఉదాహరణలో దాదాపు పావు తక్కువ రెండు శాతం. బురదలో, ఇసకలో చక్రాలు జారి ఆ బిగువుని వదిలించుకుంటాయి. గట్టి రోడ్డు మీద ఆ బిగువంతా ఆ రెండు షాఫ్టుల్నీ కలిపే ట్రాన్స్‌ఫర్ కేసు మోస్తుంది. కాబట్టి తేడా స్టెప్నీ ఉన్నంతసేపు గట్టి నేల మీద ఫోర్ వీల్ ముట్టుకోకూడదు. ఎప్పుడూ నాలుగు చక్రాలూ లాగే ఆల్ వీల్ డ్రైవ్ అయితే మీకు ఆ లివరు వదిలేసే అవకాశం కూడా లేదు. అలాంటి బండ్లకి కొన్ని కంపెనీలు నాలుగు టైర్ల ట్రెడ్ (నేలకి ఆనే గాళ్ల రబ్బరు) లోతుల మధ్య 1.6 మి.మీ. మించి తేడా ఉండకూడదంటాయి. దాని ముందు 28 మి.మీ. ఎత్తు తేడా అంటే ఏ మూలకీ పొసగదు.

"అయినా స్టెప్నీయే కదా, పంక్చర్ వేసే చోటు దాకా చేరిస్తే చాలు" అనే వాదన నేను తీసిపారేయను. ఊళ్లో తిరిగే చిన్న కారు విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. పెద్ద టైర్ల ట్రక్కు విషయంలో రెండు కారణాల వల్ల తేలిపోతుంది. ఒకటి, ఆ టైర్లు వేయించుకునేది తారు రోడ్డు దిగడానికే. అక్కడ ట్రెడ్‌లో మేకు దిగడం కంటే రాయి తగిలి సైడ్‌వాల్ చీలడం పెద్ద భయం. మేకు దిగితే ప్లగ్గు కొట్టి గాలి నింపుకోవచ్చు. సైడ్‌వాల్ చీలితే ఆ టైరు పని అయిపోయినట్టే. రెండోది, బండితో రాని సైజు అంటే వెళ్లిన ప్రతి చోటా దొరకని సైజు. కొత్త టైరు తెప్పించుకునేదాకా స్టెప్నీ మీదే తిరగాలి, అది కూడా బండినిండా సామానుతో. గంటకి 80 దాటొద్దని రాసి ఉండే, 60 పీఎస్‌ఐ గాలి పట్టే సన్నటి తాత్కాలిక చక్రాలు ఇలాంటి ప్రయాణం కోసం చేసినవి కావు.

అందుకే తెలివైనవాళ్లు ఐదోది కూడా అదే సైజు కొంటారు. నేను ఆగి వాదించాలనుకున్నది ఇక్కడే.

కొత్తలో 11, 12 మి.మీ. లోతు ఉండే ట్రక్కు టైరు, మార్చాల్సిన సమయానికి 3, 4 మి.మీ.కి వస్తుంది. సుమారు 8 మి.మీ. రబ్బరు పోయిందన్నమాట. పైనా కిందా కలిపితే ఎత్తులో 16 మి.మీ. తగ్గింది. నాలుగు టైర్లూ 814.8కి దిగిపోయాయి. కిందున్న ఐదోది మాత్రం పెళ్లికూతురిలా 830.8 దగ్గరే ఉంది. ఎత్తు లెక్కన రెండు శాతం తేడా! అదే సమయానికి, అందరూ ఈసడించుకున్న ఆ పాత 265 స్టెప్నీ తేడా ఎంతో చూడండి. 814.8 నుంచి 802.8 తీసేస్తే 12 మి.మీ., ఒకటిన్నర శాతం. నాలుగు టైర్ల ఆయువు చివర్లో పనికిరాదనుకున్న స్టెప్నీయే వాటికి దగ్గరైంది, వివేకంతో కొన్నది దూరమైంది.

ఇది కాగితం మీది లెక్క, దీన్ని వేదవాక్కులా పట్టుకోకండి. రేడియల్ టైరులో ట్రెడ్ కింద ఉక్కు బెల్టు ఉంటుంది. అది సాగదు. నేలకి ఆనిన చోట టైరు చదునుగా పరుచుకుంటుంది కాబట్టి దొర్లే దూరాన్ని చాలావరకు ఆ బెల్టే నిర్ణయిస్తుంది. రబ్బరు అరిగినంత దామాషాలో దొర్లే దూరం తగ్గదు. ఒకే సైజు పేరుతో రెండు కంపెనీలు చేసిన టైర్లు కూడా అచ్చంగా ఒకే ఎత్తు ఉండవు. అందువల్ల నా నమ్మకమంతా చాక్‌పీసు మీదే. సమమైన నేల మీద బండి నిలిపి, గాలి సరిచూసి, టైరు నేలకి ఆనిన చోట టైరు మీదా నేల మీదా గీత గీయండి. బండిని సరిగ్గా ఒక చుట్టు ముందుకి నడిపి మళ్లీ నేల మీద గీయండి. మధ్య దూరం టేపుతో కొలవండి. తర్వాత అదే చోట స్టెప్నీ బిగించి అదే పని చేయండి. బండి బరువు మీద ఉండగా కొలిచిన కొలతే కొలత. గోడకి ఆనించి నిలబెట్టి కొలిచింది కాదు.

ఐదోది అదే సైజు కొనడం తప్పని నేననట్లేదు. కొని కింద వేలాడదీసి మరిచిపోవడం దగ్గర పేచీ. దాన్ని కూడా రొటేషన్‌లో తిప్పితే ఈ గొడవే ఉండదు. టైర్లు మార్చి వేసే ప్రతిసారీ స్టెప్నీ ఒక చక్రం స్థానంలోకి రావాలి, ఒక చక్రం స్టెప్నీగా వెళ్లాలి. నాలుగు టైర్లు పంచుకునే అరుగుదలని ఐదు పంచుకుంటాయి, సెట్టు పావు వంతు ఎక్కువ కాలం వస్తుంది. అయిదూ ఒకే ఎత్తులో ఉంటాయి. ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లకి నా సలహా ఇదొక్కటే. అయితే దీనికి ఐదు రిమ్ములూ ఒకటే అయి ఉండాలి, ట్రెడ్ ఒకే వైపు తిరగాల్సిన రకం కాకూడదు. అన్నిటికంటే ముందు, ఆ చక్రం అసలు కింద పట్టాలి.

అది పట్టదు. చాలామంది కథ ఇక్కడే అడ్డం తిరుగుతుంది. కంపెనీవాళ్లు స్టెప్నీ చోటుని వాళ్లు ఇచ్చే టైరుకి కొలిచి కట్టారు. 28 మి.మీ. ఎత్తూ 20 మి.మీ. వెడల్పూ పెరిగేసరికి ఒక వైపు చాసిస్‌కీ, ఇంకో వైపు వెనక హుక్కు బిగించే దూలానికీ తగులుతుంది. కొందరు గాలి తీసేసి పైకి ఇరికిస్తారు. గాలి లేని స్టెప్నీ పెట్టుకున్నవాళ్లు గాలి కొట్టే మిషను కూడా పెట్టుకోవాలని వేరే చెప్పక్కర్లేదు. బయట కొన్న రిమ్ముల్లో లోతుగా గిన్నెలా ఉండేవైతే, స్టెప్నీని ఎత్తే గొలుసు చివరి పళ్లెం మధ్య రంధ్రంలో సరిగ్గా కూర్చోదు. సరిగ్గా కూర్చోని స్టెప్నీ గతుకుల్లో ఊగి ఊగి ఆ గొలుసునే తినేస్తుంది. వెనక తొట్టిలో పడుకోబెడితే సగం తొట్టి పోయింది. 35 కిలోలు దాటే చక్రాన్ని పైకప్పు మీదకి ఎక్కించేవాళ్లున్నారు. దించేటప్పుడు చూడాలి వాళ్ల ముఖాలు.

నా బండికి వెనక లిమిటెడ్ స్లిప్ ఉంది, ఫోర్ వీల్ పార్ట్ టైమ్. నాలుగు చక్రాలూ 285/70ఆర్17. అందుకని నేను మూడో దారి పట్టాను. స్టెప్నీగా 255/75ఆర్17 తీసుకుని, కంపెనీ రిమ్ము మీదే ఎక్కించాను. దాని ఎత్తు 814.3 మి.మీ. కొత్త 285లతో పోలిస్తే 16.5 మి.మీ. తక్కువ, రెండు శాతం. అంటే మొదట్లో కొంచెం తేడా ఉంటుందని తెలిసే పెట్టుకున్నాను. నాలుగూ సగం అరిగేసరికి ఆ తేడా ఒక శాతానికి దిగుతుంది. చివరికి దాదాపు సమానమవుతుంది. రోజులు గడిచేకొద్దీ కలిసొచ్చే స్టెప్నీ ఇది. మొదట సరిపోయి తర్వాత దూరమయ్యేదానికంటే ఇదే నాకు నచ్చింది.

సన్నటి టైరు కావడంలో ఇంకో లాభం ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పెద్ద టైర్లు వేసేవాళ్లు సాధారణంగా రిమ్ములు కూడా మారుస్తారు, చక్రం కాస్త బయటికి వచ్చేలా. 285 వెడల్పుకి ఆ ఖాళీ కావాలి కాబట్టి. ఇప్పుడు అదే 285ని కంపెనీ రిమ్ము మీద ఎక్కించి స్టెప్నీ చేస్తే, అది లోపలికి కూర్చుంటుంది. ముందు వైపు బిగిస్తే చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ చెయ్యికి, అంటే పై కంట్రోల్ ఆర్ముకి రాసుకునే ప్రమాదముంది. 255కి ఆ ఇబ్బంది తక్కువ. మీది 265/70ఆర్17 అయితే దానికి 235/80ఆర్17 చూడండి. ఎత్తు 807.8, తేడా అయిదే మిల్లీమీటర్లు, వెడల్పు మాత్రం 30 తక్కువ. రిమ్ము సైజు మారినా ఎత్తు కలవచ్చు. 265/75ఆర్16 ఎత్తు 803.9, అంటే 265/70ఆర్17కి ఒక్క మిల్లీమీటరు తేడా. కానీ 16 అంగుళాల రిమ్ము మీ బ్రేకు కాలిపర్ మీదుగా పడుతుందో లేదో ముందే బిగించి చూసుకోవాలి. చీకట్లో రోడ్డు పక్కన తెలుసుకునే విషయం కాదది.

సగం అరిగిన వాడిన టైరు కొనడాన్ని జనం చిన్నచూపు చూస్తారు. మీ నాలుగూ సగం అరిగినవైతే, స్టెప్నీకి కొత్తదానికంటే అదే బాగా కలుస్తుంది. లోపల ప్యాచీలు, సైడ్‌వాల్ మీద ఉబ్బులు, తయారైన తేదీ చూసి తీసుకోండి. సైడ్‌వాల్ మీద డాట్ కోడ్ చివర నాలుగంకెలు ఆ తేదీ చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం.

బరువు దగ్గర మాత్రం రాజీ వద్దు. టైరు మోసే బరువుని చెప్పే అంకె లోడ్ ఇండెక్స్. అది 113 అంటే ఒక్కో టైరు 1150 కిలోలు మోస్తుంది, 121 అంటే 1450. నాలుగూ 121 ఉండి స్టెప్నీ 113 అయితే అది వెంటనే తప్పేమీ కాదు. మీ బండి ఇరుసు మీద కంపెనీ అనుమతించిన బరువులో సగాన్ని ఆ టైరు మోయగలగాలి, అంతే. ఇందులో ఒక మెలిక ఉంది. సైజు పక్కన ఎల్‌టీ (లైట్ ట్రక్) అని లేకుండా పీ అక్షరంతో మొదలయ్యే కారు రకం టైరుని ట్రక్కుకి వాడితే, దాని మోసే శక్తిని 1.1తో భాగించి చూడాలని నియమం. 1150 కాస్తా 1045 అవుతుంది. నిండా సామాను వేసుకుని వెనక ట్రైలర్ కూడా తగిలించేవాళ్లకి ఆ వంద కిలోలు చిన్న విషయం కాదు.

వెనక చక్రానికి పంక్చరైతే తేడా స్టెప్నీని నేరుగా అక్కడ పెట్టను. ముందు నుంచి మంచి చక్రాన్ని వెనక్కి మార్చి, స్టెప్నీని ముందు వేస్తాను. టూ వీల్‌లో నడుస్తున్నంతసేపు నా బండి ముందు ఇరుసుకి లాగే పని లేదు, అక్కడి డిఫరెన్షియల్ ఓపెన్‌ది. రెండుసార్లు జాకీ ఎత్తాలి, విసుగే. స్టీరింగు ఒక పక్కకి కొంచెం లాగొచ్చు, ఏబీఎస్ దీపం వెలగొచ్చు. ఆ విసుగు క్లచ్ ప్లేట్లు మార్పించే విసుగు కంటే తక్కువని నా లెక్క. ముందు కూడా లాకర్ ఉన్నవాళ్లకీ, ఆల్ వీల్ వాళ్లకీ ఈ కిటుకు పనిచేయదు.

ఇక నట్లు. కంపెనీ రిమ్ముకీ బయట కొన్న అల్లాయ్ రిమ్ముకీ నట్టు కూర్చునే చోటు ఒకేలా ఉండాలని లేదు. ఒకదానికి శంఖువులా వాలుగా, ఇంకోదానికి బంతిలా గుండ్రంగా, మరోదానికి చదును వాషరుతో ఉంటుంది. పొడవు మెడ ఉన్న అల్లాయ్ నట్టుని ఇనుప రిమ్ముకి వేస్తే బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ రిమ్ముని అదిమి పట్టదు. చక్రం ఊడేది ఇలాంటప్పుడే. స్టెప్నీకి కంపెనీ రిమ్ము వాడితే దానికి సరిపోయే నట్ల సెట్టు ఒక సంచిలో వేసి టూల్స్‌తో పెట్టుకోవాలి. అల్లాయ్ నట్లకి ప్రత్యేకమైన తాళం ఉంటే అది కూడా అందులోనే. ఎత్తూ సైజూ అంతా కలిసి, నట్లు కలవక రోడ్డు మీద ఆగిపోయినవాళ్లున్నారు.

వాడని టైరు ముసలిదవదని ఒక నమ్మకం. నిజానికి రబ్బరులో ఓజోన్ నుంచి కాపాడే మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు దొర్లుతూ వంగుతున్నప్పుడు అవి పైకి వచ్చి పొరలా పరుచుకుంటాయి. కదలని స్టెప్నీకి ఆ రక్షణ సరిగ్గా అందదు, పైగా సైలెన్సర్ వేడి. ట్రెడ్ నిండుగా ఉందని పదేళ్ల స్టెప్నీని నమ్మకండి. చాలా టైరు కంపెనీలు స్టెప్నీతో సహా పదేళ్లు దాటితే తీసేయమంటాయి.

టైర్లు పెద్దవయ్యాయంటే ఇరుసు పైకి లేచిందని అర్థం. బండితో వచ్చిన జాకీ అంత ఎత్తు ఎత్తదు, ముఖ్యంగా సస్పెన్షన్ కూడా లేపిన బండ్లకి. స్టెప్నీని దించే పొడవాటి కడ్డీ కొత్త బంపరు రంధ్రంలోంచి పోతుందో లేదో కూడా అనుమానమే. ఒక ఆదివారం తీరిగ్గా, బండిలో ఉన్న సామాన్లతోనే, స్టెప్నీ దించి బిగించి మళ్లీ ఎక్కించి చూడండి. అప్పుడే గాలి కూడా చూడండి. నేను స్టెప్నీలో మామూలు కంటే ఓ అయిదారు పీఎస్‌ఐ ఎక్కువే ఉంచుతాను, టైరు మీద రాసిన పరిమితికి లోపల. అవసరమైన రోజున తగ్గించడానికి ఒక పుల్ల చాలు, పెంచడానికే మిషను కావాలి. చక్రాన్ని మళ్లీ పైకి ఎత్తేటప్పుడు వాల్వు కింది వైపు ఉండేలా పెట్టండి. లేకపోతే గాలి చూడాలన్న ప్రతిసారీ మొత్తం దించాల్సి వస్తుంది, దించడం బద్ధకమై చూడడం మానేస్తారు.